డబ్బా మీద 3200, లోపల 2133

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే గోల. ర్యామ్ కొన్నాం, డబ్బా మీద రాసిన స్పీడు రావట్లేదు, లేదా వచ్చింది కానీ సిస్టమ్ నిలబడట్లేదు. కొందరు షాపువాణ్ణి తిడుతున్నారు, కొందరు మదర్‌బోర్డు పోయిందని దిగులు పడుతున్నారు, ఒకాయన అయితే ఇందుకోసం మూడుసార్లు విండోస్ వేయించానని రాశాడు. విండోస్‌కి దీనికి సంబంధం లేదు సామీ, ఆ డబ్బుతో ఇంకో స్టిక్ వచ్చేది. అందుకే ఈసారి ప్రింటర్ ప్రశ్నలు, వైఫై ప్రశ్నలు అన్నీ పక్కన పెట్టి ర్యామ్ ఒక్కటే పట్టుకున్నాను.

ప్ర: కర్నూలు బుధవారపేటలో ఫొటో స్టూడియో నాది. పెళ్లి ఆల్బమ్‌లు ఫొటోషాప్‌లో నత్తనడక నడుస్తున్నాయని 3200 ర్యామ్, 8 జీబీవి రెండు కొన్నాను. ప్రాసెసర్ రైజెన్ 5 3600, బోర్డు బీ450. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 1066 అంటోంది, టాస్క్ మేనేజర్ 2133 అంటోంది, డబ్బా మీద 3200 ఉంది. మూడు చోట్ల మూడు అంకెలు. షాపులో మోసం చేశారా సార్?

జ: మోసమేం లేదు. మీరు చూసిన మూడు అంకెల్లో రెండు ఒకటే. డీడీఆర్ అంటేనే డబుల్ డేటా రేట్, ర్యామ్‌ని నడిపే గడియారం (క్లాక్) ఒక్కసారి కొట్టుకునేలోపు డేటా రెండుసార్లు పోతుంది, సిగ్నల్ పైకి లేచేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఇంకోసారి. సీపీయూ-జెడ్ చూపించేది ఆ గడియారాన్ని, టాస్క్ మేనేజర్ చూపించేది డేటా పోయిన లెక్కని. 1066ని రెండుతో గుణిస్తే 2133 దగ్గరికి వస్తుంది కదా, అక్కడితో ఆ గొడవ తీరింది. ఈ తికమక పడలేకే కొత్త విండోస్ 11లో మెగాహెర్ట్జ్ తీసేసి ఎంటీ/ఎస్ అని వేస్తున్నారు, సెకనుకు ఎన్ని మిలియన్ల బదిలీలు అని దాని అర్థం.

ఇక 3200 ఎక్కడికి పోయిందన్నది అసలు సంగతి. మీ స్టిక్‌కి పైన రేకు తొడుగు లేకపోతే ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి, పెద్ద నల్ల చిప్పుల వరసలో బియ్యపు గింజంత చిన్న చిప్పు ఒకటి కనిపిస్తుంది. ఆ స్టిక్ జాతకం అంతా అందులోనే రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే బోర్డు ముందు దాన్ని చదువుతుంది. ఆ జాతకంలో ఒక భాగం జెడెక్ అనే సంస్థ పెట్టిన ప్రమాణాల ప్రకారం ఉంటుంది, 2133, 2400, 2666 ఇలా, 1.2 వోల్టుల దగ్గర. ఏ బోర్డులో పెట్టినా ఇబ్బంది లేకుండా లేచే స్పీడ్లు అవి. ఇంకో భాగం, స్టిక్ తయారు చేసిన కంపెనీ ‘దీన్ని నేను 3200లో, 1.35 వోల్టుల మీద నడిపి చూశాను, నడుస్తుంది’ అని రాసి పెట్టింది. ఇంటెల్ 2007లో, డీడీఆర్3 కాలంలో మొదలుపెట్టిన ఈ పద్ధతినే ఎక్స్ఎంపీ అంటారు. మీరు అడిగేదాకా బోర్డు ఆ రెండో భాగం జోలికి పోదు. మీరు అడగలేదు, అది 2133లో కూర్చుంది, అంతే జరిగింది.

అడగడం ఎలాగంటే, సిస్టమ్ రీస్టార్ట్ చేసి తెర మీద కంపెనీ బొమ్మ రాకముందే డిలీట్ కీ టకటకా కొడుతూ ఉండండి (కొన్ని బోర్డులకు ఎఫ్2), బయోస్ తెరుచుకుంటుంది, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత సెట్టింగుల తెర. ఏఎండీ బోర్డుల్లో పేర్లు మారతాయి, ఏసస్ వాళ్లు డీఓసీపీ అంటారు, ఎంఎస్ఐ వాళ్లు ఏ-ఎక్స్ఎంపీ అంటారు, గిగాబైట్‌లో ఎక్స్ఎంపీ అనే ఉంటుంది. దాన్ని ప్రొఫైల్ 1కి మార్చి, పక్కనే వోల్టేజీ 1.35 అయిందో లేదో ఒక్కసారి చూసుకుని, ఎఫ్10 కొట్టి బయటికి రండి. ఆన్ అయ్యాక సీపీయూ-జెడ్‌లో 1600 దగ్గర కనిపిస్తే, అదే మీ 3200. మీ ప్రాసెసర్‌కి 3200 అనేది ఏఎండీ ఒప్పుకున్న స్పీడే కాబట్టి భయం అక్కర్లేదు.

లాభం ఎంతంటారా? లెక్క ప్రకారం 2133లో ఒక స్టిక్ సెకనుకు 17 జీబీ దాకా అందిస్తుంది, 3200లో 25.6 జీబీ. వినడానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ ఆల్బమ్ పని అంత వేగం పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి. ముప్పై పేజీల కరిజ్మా ఆల్బమ్, ఒక్కో పేజీలో పది పన్నెండు పెద్ద ఫొటోలు, లేయర్ల మీద లేయర్లు, వెనకాల క్రోమ్‌లో పాటలు. ఈ మోతకి మీ 16 జీబీ నిండిపోయి ఫొటోషాప్ డిస్కు మీద పడుతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటి ఉంటే మీ జబ్బు స్పీడు కాదు, చోటు చాలకపోవడం. ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ వాడుకునే ఆ డిస్కు చోటునే స్క్రాచ్ డిస్కు అంటారు, అది ఇంకా పాత హార్డ్ డిస్కు మీదే ఉంటే ఈ రోజే ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి. ఎక్స్ఎంపీ మాత్రం ఊరికే వచ్చేది, దాన్ని ఎందుకు వదులుకోవాలి, ఆన్ చేసుకోండి.

ప్ర: అన్నా, అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం. రైజెన్ 5 5600జీ, గ్రాఫిక్స్ కార్డు లేదు. ముందు 3200 స్టిక్ 8 జీబీది ఒకటుండేది, దీపావళి ఆఫర్లో ఇంకో కంపెనీది 8 జీబీ, అదీ 3200దే, తీసుకున్నా. రెండూ పెట్టి ఎక్స్ఎంపీ ఆన్ చేశా. అంతే, డిస్‌ప్లే రాలేదు. ఫ్యాన్లు తిరుగుతాయి, ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి. ఇంట్లో నాన్నకు చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. బోర్డు కాలిపోయిందా?

జ: కాలలేదు తమ్ముడూ, ముందు మంచినీళ్లు తాగు. ఫ్యాన్లు తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతున్నాయంటే బోర్డు బతికే ఉంది, పని చేస్తోంది కూడా. కొత్త స్పీడు చెప్పావు కదా, ఆ స్పీడులో రెండు స్టిక్‌లతో మాట కలుస్తుందా అని ప్రయత్నిస్తోంది, కలవకపోతే ఆపి మళ్లీ మొదలుపెడుతోంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. చాలా బోర్డులు రెండు మూడుసార్లు చూసి, ‘నా వల్ల కాదు’ అని పాత స్పీడుకే తిరిగొచ్చి లేస్తాయి. ఐదారు నిమిషాలు వదిలేసినా రాకపోతే సీఎంఓఎస్ క్లియర్ చేయాలి, అంటే బయోస్ సెట్టింగుల్ని మొదటికి తేవాలి.

అది నువ్వే చేసుకోవచ్చు. స్విచ్ ఆపి వైరు పీకు, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. బోర్డు మీద రూపాయి బిళ్లలా గుండ్రటి సెల్ ఉంటుంది, సీఆర్2032 అని రాసి ఉంటుంది, దాన్ని మెల్లగా తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టు. ముట్టుకునే ముందు క్యాబినెట్ రేకుని చేత్తో తాకు, మన అనంతపురం పొడి గాలికి ఒంట్లో స్టాటిక్ ఊరికే పుడుతుంది. ఇప్పుడు ఆన్ చేస్తే టైము, తేదీ తప్పుగా వస్తాయి, సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, కానీ డిస్‌ప్లే వస్తుంది. నాన్నకు చెప్పాల్సిన పని పడదనుకుంటా.

ఇక ఎందుకిలా అయిందో చూద్దాం, ఎందుకంటే క్లియర్ చేసి మళ్లీ అదే ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే మళ్లీ ఇదే కథ. రెండు స్టిక్‌లూ బయటికి తీసి స్టిక్కర్లు పక్కపక్కన పెట్టుకుని చదువు. 3200 పక్కన సీఎల్ అని ఒక అంకె ఉంటుంది. నా అనుమానం, ఒకదాని మీద సీఎల్16, 1.35 వోల్టులు అని, రెండోదాని మీద సీఎల్22, 1.2 వోల్టులు అని ఉంటుంది. రెండూ 3200లే, కానీ రెండూ ఒకటి కాదు. సీఎల్ అంటే డేటా అడిగాక ఇవ్వడానికి ఎన్ని గడియారం దెబ్బలు ఆగాలి అన్నది. దాన్ని 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే నానోసెకన్లలో వస్తుంది. 16 అయితే 10 నానోసెకన్లు, 22 అయితే 13.75. ఎక్స్ఎంపీ ఆన్ చేసినప్పుడు బోర్డు మొదటిదాని జాతకం చదివి ‘పది నానోసెకన్లలో ఇవ్వండి’ అని రెండింటికీ హుకుం వేసింది. రెండోది పాపం ఆ పరుగు పరిగెత్తలేదు. ఒకటి ఒంగోలు గిత్త, ఒకటి ఊర్లో కోడె, రెండింటినీ ఒకే కాడికి కట్టి గిత్త నడకకి అదిలిస్తే బండి కదలదు.

కాబట్టి బండిని కోడె నడకకి తేవాలి. ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి, మెమరీ ఫ్రీక్వెన్సీని చేత్తో 3200 అని పెట్టు, టైమింగ్స్ దగ్గర ఆటో తీసేసి 22-22-22-52 వేయి, వోల్టేజీ 1.35. దీన్ని మించి మాత్రం వోల్టేజీ పెంచొద్దు. యూట్యూబ్‌లో 1.45, 1.5 అని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల ర్యామ్ పోతే వాళ్లు కొనుక్కుంటారు, నీ సంగతి అది కాదు. 3200లో లేవకపోతే 2933, అదీ కాకపోతే 2666. ఒక్క మెట్టు దిగితే నీ ఆటల్లో తేడా కంటికి కనిపించేంత ఉండదు.

బయోస్‌లో ఇదంతా చేసే ముందు ఇంకో చిన్న విషయం చూడు, ఎందుకంటే దీని దగ్గర నేనే ఒకసారి బోల్తా పడ్డాను. సాయినగర్‌లో ఒక ఇంట్లో ఇలాగే డిస్‌ప్లే రాకపోతే రెండు గంటలు కూర్చుని సెల్ తీశాను, పెట్టాను, వోల్టేజీ మార్చాను, బయోస్ అప్‌డేట్ చేద్దామని పెన్‌డ్రైవ్ కూడా తీశాను. ఆ ఇంటి పిల్లాడు, ఎనిమిదో తరగతి ఉంటాడు, వంగి చూసి ‘అంకుల్, ఇది ఈ పక్క పైకి లేచింది’ అన్నాడు. నిజమే. ఆ బోర్డులో స్లాట్‌కి ఒక పక్కే క్లిప్పు ఉంటుంది, అటు పక్క టక్కుమని పడింది, క్లిప్పు లేని పక్క మాత్రం గోరు పట్టేంత ఎత్తున నిలబడిపోయింది. బొటనవేలితో నొక్కితే కూర్చుంది, డిస్‌ప్లే వచ్చింది. ఆ రోజు నేను డబ్బులు తీసుకోలేదు. అందుకని రెండు చివరలూ వేలితో నొక్కి చూడు. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కబెట్టి రెండోది, నాలుగోది వాడు, బోర్డు మీద సన్నగా ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. మొదటిది, మూడోది వాడితే పాత స్పీడులో నడుస్తుంది గానీ పై స్పీడుకి మొరాయిస్తుంది.

చివరగా, నీకు గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి ఆటల బొమ్మలన్నీ ఈ ర్యామ్ మీదే నడుస్తాయి. అందుకే మిగతా వాళ్ల కంటే నీకు ఈ తిప్పలు పడటంలో అర్థం ఉంది. ఒక్క స్టిక్ 3200లో నడిచేదాని కంటే రెండు స్టిక్‌లు జతగా 2666లో నడిస్తేనే నీకు ఎక్కువ లాభం. ఒక స్టిక్ తీసేసి మాత్రం కూర్చోకు.

ప్ర: కడపలో డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, ఫొటోషాప్‌లో ఫ్లెక్సీ డిజైన్లు. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటితే బ్లూ స్క్రీన్. మొన్న ఒక పీఎస్‌డీ ఫైలు తెరిస్తే సగం బొమ్మ గీతలు గీతలుగా వచ్చింది. ర్యామ్ ఎక్స్ఎంపీ 3600లో ఉంది, తెలిసిన కుర్రాడు పెట్టిచ్చి పోయాడు. షాపులో ఏసీ లేదు. కొత్త ర్యామ్ కొనమంటారా?

జ: కొనొద్దు. ఈ ఉత్తరం చదివిన వెంటనే చేయాల్సిన పని వేరే ఉంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆఫ్ చేయండి, పాత డిజైన్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్కులోకో కాపీ పెట్టుకోండి, తర్వాత మిగతాది. మీరు బ్లూ స్క్రీన్ గురించి ఎక్కువ రాశారు, నన్ను భయపెట్టింది మాత్రం ఆ గీతలు పడ్డ ఫైలు. బ్లూ స్క్రీన్ కనీసం చెప్పి చస్తుంది. ర్యామ్‌లో ఒక్క సున్నా ఒకటిగా మారిపోతే ఎవరికీ చెప్పకుండా అదే తప్పు డిస్కు మీదికి ఎక్కిపోతుంది. మీరు సేవ్ కొట్టారు, అది సేవ్ అయింది, తప్పుతో సహా. ముహూర్తం టైము 10-42 బదులు ఇంకేదో పడితే కస్టమర్ ఊరుకుంటాడా చెప్పండి.

మధ్యాహ్నమే ఎందుకు? ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న ఛార్జి, కుండలో నీళ్లలాంటిది, కుండకి చిల్లి ఉంది, నీళ్లు కారిపోతూనే ఉంటాయి. అందుకే అన్నిటినీ 64 మిల్లీసెకన్లకు ఒకసారి మళ్లీ నింపుతూ ఉంటారు, దాన్నే రిఫ్రెష్ అంటారు. వేడి పెరిగేకొద్దీ చిల్లి పెద్దదవుతుంది. చిప్పు 85 డిగ్రీలు దాటితే రెండింతలు వేగంగా నింపాలని ప్రమాణమే చెబుతుంది. కడప మే నెల సంగతి మీకు నేను చెప్పాలా, బయట 43, 44 ఉంటే రేకుల కప్పు కింద షాపులో, అందులోనూ గోడకి ఆనించిన క్యాబినెట్ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. పైగా ఎక్స్ఎంపీలో ర్యామ్ 1.35 వోల్టుల మీద ఉంటుంది, దాని వేడి దానికి అదనం. పొద్దున పది గంటలకు అతికష్టం మీద నిలబడే 3600, రెండింటికి నిలబడదు. ఆ కుర్రాడు పెట్టింది తప్పని కాదు, డిసెంబర్లో పెట్టి ఉంటాడు.

నిజంగా ఇదేనా అని తేల్చుకోవాలంటే మెమ్‌టెస్ట్86+ అని ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాంతోనే సిస్టమ్ ఆన్ చేయాలి, విండోస్ దాకా పోదు. అందరూ చేసే పొరపాటు ఏంటంటే రాత్రి షాపు మూసేటప్పుడు పెట్టి పొద్దున వచ్చి ‘తప్పుల్లేవు’ అంటారు. రాత్రి చల్లగా ఉంటే తప్పులెందుకు వస్తాయి? మీ జబ్బు మధ్యాహ్నం వచ్చేది కాబట్టి పరీక్ష మధ్యాహ్నమే పెట్టాలి. ఒక ఆదివారం ఎక్స్ఎంపీ ఆన్ చేసి, పన్నెండింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా వదిలేయండి, భోంచేసి కాసేపు నిద్రపోయి రండి. ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఫెయిలే, ‘ఒక్కటే కదా’ అనుకునే వీల్లేదు. తర్వాత ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి అదే ఎండలో ఇంకోసారి. ఆన్‌లో తప్పులు వచ్చి ఆఫ్‌లో రాకపోతే మీ స్టిక్‌లు మంచివే, స్పీడే ఎక్కువైంది, 3200కి దించి మళ్లీ పరీక్ష చేసి అక్కడ స్థిరపడండి. ఆఫ్‌లో కూడా తప్పులు వస్తే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడండి, ఏది ఎర్ర గీత చూపిస్తే అది షాపుకి, వారంటీ కాగితంతో సహా.

ఇంకో మాట, బ్లూ స్క్రీన్ కూడా రాకుండా ఠక్కున ఆగి రీస్టార్ట్ అవుతోందంటే అది ర్యామ్ కాకపోవచ్చు, పవర్ సప్లయో, యూపీఎస్ బ్యాటరీయో, మధ్యాహ్నం లో వోల్టేజీయో అయ్యుంటుంది. మీరు రాసినదాన్ని బట్టి మీది అది కాదు. క్యాబినెట్ నేల మీద పెట్టారా? మన దగ్గర నాపరాయి బండ చల్లగా ఉంటుంది కదా అని చాలామంది అలాగే పెడతారు, బండ చల్లదనం లోపలికి ఎక్కదు గానీ ఊడ్చిన దుమ్మంతా ఫ్యాన్‌లోకి ఎక్కుతుంది. ఒక జానెడు ఎత్తున స్టూలు మీద పెట్టి, గోడకి దూరం జరిపి, వెనక ఫ్యాన్ తిరుగుతోందో లేదో చెయ్యి పెట్టి చూడండి. అలాంటివి విప్పి చూస్తే సగం వాటిలో ఆ ఫ్యాన్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

ప్ర: ప్రొద్దుటూరులో నగల షాపు లెక్కలు చూస్తాను. ఐ5-10400, హెచ్410 బోర్డు. 3200 ర్యామ్ వేస్తే 2666 దాటట్లేదు. బయోస్‌లో ఎక్స్ఎంపీ అన్న మాటే కనిపించట్లేదు. ఏం చేయాల?

జ: ఏం చేయొద్దు. ఆ ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠమే 2666, ఆ బోర్డు దాన్ని దాటనివ్వదు. 3200 స్టిక్ 2666లో హాయిగా నడుస్తుంది, పాడవదు. బయోస్ అప్‌డేట్ చేస్తే వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మి డబ్బులివ్వకండి. ట్యాలీకి ఈ తేడా తెలియను కూడా తెలియదు, రేపు బోర్డు మార్చినప్పుడు స్టిక్‌లు పనికొస్తాయి.

ప్ర: అనంతపురంలో యూట్యూబ్ ఛానెల్‌కి వీడియోలు ఎడిట్ చేస్తాను. రైజెన్ 5 7600, బీ650 బోర్డు, డీడీఆర్5 6000 స్టిక్‌లు 16 జీబీవి రెండు, ఎక్స్‌పో ఆన్‌లో బాగా నడిచేవి. సరిగ్గా అలాంటివే ఇంకో రెండు కొని నాలుగు పెట్టాను. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల తెర, ఏమీ రాదు. తీసేస్తే వస్తుంది. కొత్తవి పాడయ్యాయా?

జ: ఎంతసేపు ఆగారో రాయలేదు మీరు. డీడీఆర్5కి, అందులోనూ మీ తరం ఏఎండీ బోర్డులకి మొదటిసారి ట్రైనింగ్ నిమిషాల తరబడి పడుతుంది, నాలుగు స్టిక్‌లయితే పది నిమిషాలు కూడా పట్టొచ్చు, ఆ సేపంతా తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో భయపడి స్విచ్ ఆపితే మళ్లీ మొదటి నుంచి. సీఎంఓఎస్ క్లియర్ చేసి, నాలుగూ పెట్టి, ఎక్స్‌పో జోలికి పోకుండా ఆన్ చేసి, బయటికెళ్లి ఒక ప్లేటు ఉగ్గాని బజ్జి తినేసి రండి. తెర వచ్చి ఉంటుంది.

కానీ 6000 మీద ఆశ వదులుకోండి. ఏఎండీ తన రైజెన్ 7000కి రెండు స్టిక్‌లకి 5200, నాలుగు పెడితే 3600 అనే చెప్పింది. మీరు రెండింటితో 6000 నడిపారంటే అది ఎక్స్‌పో పుణ్యం, ఏఎండీ 2022లో ఈ తరంతోనే తెచ్చిన ఎక్స్ఎంపీ లాంటిదే అది. నాలుగు పెట్టేసరికి ఒక్కో దారి మీద రెండేసి స్టిక్‌లు పడి సిగ్నల్ బరువెక్కుతుంది, ఎంత మంచి స్టిక్‌లైనా ఆ స్పీడు నిలబడటం కష్టం. కొత్తవి ఇంకా వాపసు గడువులో ఉంటే ఇచ్చేసి, పాతవి అమ్మేసి, 32 జీబీవి రెండున్న కిట్ తీసుకోండి. గడువు దాటిపోతే 3600తో మొదలుపెట్టి 4800 దాకా మెల్లగా ఎక్కి ఎక్కడ నిలబడుతుందో చూసుకోండి. వీడియో పనికి 3600లో 64 జీబీ ఉండటం, 6000లో 32 జీబీ నిండిపోయి డిస్కు మీద పడటం కంటే చాలా నయం. ప్రతిసారీ ఆన్ అవడానికి ఆలస్యమవుతుంటే బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అని ఉంటుంది, ట్రైనింగ్ మళ్లీ చేయకుండా పాతదాన్నే వాడుకునే సెట్టింగు అది, అంతా స్థిరంగా ఉందని తేలాకే ఆన్ చేయండి, ముందే చేస్తే పాత తప్పునే గుర్తు పెట్టుకుంటుంది.

ప్ర: ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే వారంటీ పోతుందా? (ఆదోని)

జ: స్టిక్‌కి పోదు, దాన్ని అమ్మిందే ఆ స్పీడు పేరు చెప్పి కదా. ప్రాసెసర్ విషయంలో మాత్రం ఇంటెల్, ఏఎండీ రెండూ తాము చెప్పిన స్పీడు దాటితే అది ఓవర్‌క్లాకింగే అని, అది వారంటీ కిందికి రాకపోవచ్చని కాగితాల్లో రాసుకున్నాయి. 1.35 దగ్గర డీడీఆర్4 నడిపినందుకు ప్రాసెసర్ పోయిన సిస్టమ్ నా బల్ల మీదికి ఇంతవరకూ రాలేదు.

ప్ర: కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు వరదల్లో మా ఇల్లు మునిగినప్పుడు కంప్యూటర్ కూడా మునిగింది. బోర్డు పోయింది గానీ ర్యామ్ తీసి కడిగి, ఎండబెట్టి దాచాను, డీడీఆర్2, 800ది. ఇప్పుడు మా అబ్బాయి కొత్త సిస్టమ్‌లో ఖాళీ స్లాట్ ఉంది. అందులో పెడితే స్పీడు తగ్గి నడుస్తుందా?

జ: నడవదండీ, అసలు పట్టదు. స్టిక్ కింద బంగారు రంగు పళ్ల మధ్య ఒక గాడి ఉంటుంది చూడండి, ఒక్కో తరానికి అది ఒక్కో చోట ఉంటుంది. డీడీఆర్4కి, డీడీఆర్5కి రెండింటికీ 288 పళ్లే ఉన్నా గాడి చోటు మారింది, మీ డీడీఆర్2కి ఉన్నవి 240. మీ దగ్గరున్నది బతికి ఉందో లేదో తెలుసుకోవాలంటే అప్పటి బోర్డున్న పాత సిస్టమ్ ఎవరి దగ్గరైనా దొరకాలి. పళ్లకి పచ్చగా చిలుము పట్టి ఉంటే పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టి చూడండి, గరుకు కాగితం వాడొద్దు. మీ అబ్బాయి సిస్టమ్‌లో మాత్రం వద్దు, గాడి కుదరట్లేదని గట్టిగా నొక్కితే పోయేది పాత ర్యామ్ కాదు, కొత్త బోర్డు స్లాటు.